షోయబుల్లాఖాన్ – మన యువకులకు ఒక పాఠం

ఏ సభలో చూసినా పెద్దలు "నేటి యువకులే రేపటి పౌరులు" అనడం, మనం చప్పట్లు కొట్టడం రివాజు అయిపోయింది. ఇంతకీ పౌరుడంటే ఎవరు? పన్నులు కట్టి, ఓటు వేసి, ఎవరి జోలికీ పోకుండా వుంటే చాలునా? ఈ ప్రశ్నకు జవాబు కోసం మనం దూరం పోనక్కరలేదు. మన హైదరాబాదు చరిత్రలోనే 27 ఏళ్ళ యువకుడొకడు తన ప్రాణమిచ్చి జవాబు చెప్పి వెళ్ళాడు. ఆయన పేరు షోయబుల్లాఖాన్.

ఆయన 1920 అక్టోబరులో ఓరుగల్లు జిల్లా మానుకోట ప్రాంతంలో పుట్టారు. తండ్రి రైల్వే పోలీసు ఉద్యోగి. షోయబ్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. ఆ రోజుల్లో డిగ్రీ చేతిలో వున్న ముస్లిం యువకుడికి సర్కారు కొలువు అందని పండేమీ కాదు. ఆయన మాత్రం పత్రికా రచననే ఎంచుకున్నారు. మొదట 'తేజ్' అనే ఉర్దూ వారపత్రికలో చేరారు. సర్కారు దానిని మూయించింది. తర్వాత మందుముల నరసింగరావు గారి 'రయ్యత్' పత్రికలో పనిచేశారు. దానికీ అదే గతి పట్టింది. అయినా వెనుదీయక, బూర్గుల రామకృష్ణారావు గారి వంటి పెద్దల సహాయంతో 1947 నవంబరులో 'ఇమ్రోజ్' దినపత్రిక స్థాపించారు. ఇమ్రోజ్ అంటే 'ఈ రోజు' అని అర్థం.

ఆనాటి పరిస్థితి మన ఇళ్ళల్లోని పెద్దలు చెప్పగా చాలామంది వినే వుంటారు. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం సంస్థానం విడిగానే వుండిపోయింది. నవంబరు 29న ఒక ఏడాదికి యథాతథ ఒప్పందం కుదిరింది గాని ప్రజలకు శాంతి దొరకలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు పల్లెల మీద పడి దౌర్జన్యాలు చేస్తుంటే, ఇదంతా ముస్లింల మేలుకోసమే అని పట్నంలో ఉపన్యాసాలు సాగేవి.

సరిగ్గా ఆ మాటనే షోయబ్ ఎదిరించారు. ఇది ముస్లింలకు మేలు కాదు, చేటు అని ఉర్దూలోనే, అంటే మనవాళ్ళు చదివే భాషలోనే రాశారు. సంస్థానం భారత యూనియన్‌లో చేరాలనీ, ప్రజలకు బాధ్యతాయుత ప్రభుత్వం కావాలనీ కోరారు. ఇదే సంగతి కోరుతూ 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు సంతకాలు చేసిన ప్రకటనను తమ పత్రికలో అచ్చువేశారు. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఆయన కలం ఆగలేదు.

ఆగస్టు 21 రాత్రి పత్రికాఫీసు నుండి బావమరిది ఇస్మాయిల్‌ఖాన్‌తో కలిసి ఇంటికి నడిచి వస్తుండగా, కాచిగూడ ప్రాంతంలో దుండగులు కాల్చారు. రాసే చేతిని నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్‌ఖాన్‌ను కూడా నరికి గాయపరిచారు. తెల్లవారకముందే షోయబ్ కన్నుమూశారు.

ఆయన చెప్పింది ఎంత నిజమో తెలియడానికి నెల కూడా పట్టలేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయారు. రజాకార్ల పాపం ఎవరి నెత్తిన పడింది? ఏ పాపమూ ఎరుగని ముస్లిం కుటుంబాల నెత్తిన పడింది. ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో ప్రతీకారాల పేరిట ఘోరాలు జరిగాయి. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుండి 40 వేల మంది వరకు చనిపోయి వుంటారని అంచనా వేసింది. అదే కమిటీ ఇంకొక సంగతి కూడా రాసింది. కొన్ని చోట్ల హిందూ నేతపనివారు ప్రాణాలకు తెగించి తమ తోటి ముస్లిం నేతపనివారిని కాపాడారట. షోయబ్ నమ్ముకున్నది ఈ ఇరుగుపొరుగు బంధాన్నే.

సోదరులారా! ఇతరుల తప్పు ఎత్తి చూపడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు. మనవాళ్ళు దారి తప్పినప్పుడు "అన్నా, ఇది తప్పు" అని మొహం మీద చెప్పడమే కష్టం. అలా చెప్పినవాడిని ద్రోహి అంటారు. కాని జాతి మేలు నిజంగా కోరినవాడు అతడే అని చరిత్ర తేల్చింది. ఈ మాట ఒక్క మతం వారికే కాదు, దేశంలోని అందరికీ వర్తిస్తుంది.

షోయబ్ కోరిన బాధ్యతాయుత ప్రభుత్వం మనకు వచ్చింది. 1950 జనవరి 26 నుండి రాజ్యాంగం అమలులో వుంది. ఆయనకు అండగా నిలిచిన బూర్గుల గారే 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. 1976లో రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చేర్చారు. మత, భాషా భేదాలకు అతీతంగా సోదరభావం పెంచడం అందులో ఒకటి. 1989లో ఓటు వయస్సు 21 నుండి 18కి తగ్గింది. హక్కు ముందే చేతికొచ్చింది గనుక బాధ్యత కూడా ముందే నేర్చుకోవాలి.

కనుక మన పిల్లలు పద్దెనిమిది నిండగానే ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవాలి. సెల్‌ఫోనులో వచ్చిన పుకారును నిజమో అబద్ధమో తేలేదాకా మరొకరికి పంపకూడదు. ఆడపిల్లల చదువు మధ్యలో ఆపుతుంటే, మహల్లాలో కట్నం కోసం కోడలిని వేధిస్తుంటే, నలుగురిలో నిలబడి కాదనాలి. తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. ఇంట్లో పిల్లవాడు "అబ్బా, ఇది న్యాయం కాదు" అంటే "నోర్ముయ్" అని కసరకండి. ఒక్క నిమిషం ఆగి, ఆ పిల్లవాడు ఏం చెబుతున్నాడో వినండి.

ప్రతి సంవత్సరం ఆగస్టు 22న కనీసం పది నిమిషాలు మన పిల్లలను కూర్చోబెట్టుకొని షోయబుల్లాఖాన్ సంగతి చెబుదాం. ఆయన పేరు తెలియకుండా మన ఇంట ఏ బిడ్డా పెరగకూడదు.