సెహ్వాగ్ ని తియ్యాలా, ఉంచాలా?

మార్చి 3, 2013, ఆదివారం. నేనప్పుడు పదో తరగతి. పబ్లిక్ పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని, అమ్మని ఎలాగో ఒప్పించి, నాన్నా నేనూ ఉప్పల్ స్టేడియంలో ఆస్ట్రేలియాతో టెస్టు రెండో రోజు ఆట చూడ్డానికి వెళ్ళాం. నిజం చెప్పాలంటే నేను వెళ్ళింది ఒక్క సెహ్వాగ్ కోసం.

గేటు దగ్గర జేబులు తడిమి, వాటర్ బాటిల్ పడేయించి లోపలికి వదిలేసరికే ఆట మొదలైపోయింది. మెట్లెక్కి సీట్లు వెతుక్కుంటుంటే స్టేడియం మొత్తం ఉసూరుమంది. బోర్డు చూస్తే 17కి 1. సెహ్వాగ్ 6.

"ఇక తీసేస్తార్రా" అన్నాడు నాన్న, తాపీగా సీటు దులుపుకుంటూ. నాకు ఒళ్ళు మండిపోయింది. 319 కొట్టినవాణ్ణి ఎలా తీసేస్తారని రోజంతా వాదించాను. నా గోల నాది, అక్కడ పుజారా, విజయ్ ల ఆట వాళ్ళది. సాయంత్రానికి 311కి 1. మర్నాడు గానీ ఆ జోడీ విడిపోలేదు, 370 పరుగుల తర్వాత.

నాన్నే గెలిచాడు. తర్వాతి మొహాలీ టెస్టులో సెహ్వాగ్ లేడు. ఆ స్థానంలో వచ్చిన ధవన్ మొదటి టెస్టులోనే 187 కొట్టాడు. సెహ్వాగ్ మళ్ళీ టెస్టు ఆడలేదు, 2015 అక్టోబర్ లో రిటైరయ్యాడు. అంటే మా ఉప్పల్ లో మేం చూడలేకపోయిన ఆ 6 పరుగులే అతని ఆఖరి టెస్టు ఇన్నింగ్స్!

ఇప్పుడు ఆఫీసులో లంచ్ దగ్గర ఎవరో ఒక ఓపెనర్ గురించి ఇదే గొడవ జరుగుతూనే ఉంటుంది. ఒకడు సగటు తీస్తాడు, ఇంకొకడు "మ్యాచ్ విన్నర్" అంటాడు. ఇద్దరూ అసలు ప్రశ్న వదిలేస్తున్నారని నాకనిపిస్తుంది. అదేంటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

సెహ్వాగ్ పుట్టు ఓపెనరేమీ కాదు. 2001లో బ్లూమ్ ఫాంటీన్ లో ఆరో నంబర్లో దిగి మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టాడు. మిడిలార్డర్ లో ఖాళీ లేక 2002లో ఇంగ్లాండ్ లో గంగూలీ అతన్ని పైకి పంపాడు. లార్డ్స్ లో 84, తర్వాతి టెస్టులో 106. అంతకుముందు మన లక్ష్మణ్ మీదా ఇదే ప్రయోగం జరిగింది. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్ గా 167 కొట్టాడు కూడా. అయినా కొన్నాళ్ళకి ఇక ఓపెనింగ్ నావల్ల కాదని చెప్పేశాడు. లక్ష్మణ్ వద్దన్న పనిని సెహ్వాగ్ తనకి నచ్చినట్టు మార్చేసుకున్నాడన్నమాట.

ఆ తర్వాత మెల్ బోర్న్ లో 195, ముల్తాన్ లో 309, లాహోర్ లో 254. 2003 చివరి నుంచి 2008 దాకా వరసగా 11 సెంచరీలు, ఒక్కటి కూడా 150కి తగ్గలేదు. ఆడితే అలా ఆడతాడు. ఆడకపోతే?

2006-07 దక్షిణాఫ్రికా పర్యటన చూడండి. 4, 33, 0, 8, 40, 4. ఆరు ఇన్నింగ్స్ లో 89 పరుగులు. కేప్ టౌన్ మొదటి ఇన్నింగ్స్ లో అతన్ని ఏడో నంబర్ కి దించి, జాఫర్ తో కార్తీక్ ని పంపితే ఇద్దరూ 153 పరుగుల భాగస్వామ్యం చేశారు. జాఫర్ 116. అంతే, సెహ్వాగ్ ఏడాదిపాటు టెస్టులకి దూరం.

అతను లేకుండా మనం ఓడిపోయామా అంటే, అదీ లేదు. 2007లో ఇంగ్లాండ్ లో సిరీస్ గెలిచాం, 1986 తర్వాత మొదటిసారి. ఆ సిరీస్ లో మన తరఫున ఎక్కువ పరుగులు చేసింది ఓపెనర్ గా దిగిన కార్తీకే. ఏడాది చివర్లో పాకిస్తాన్ మీద కూడా గెలిచాం, జాఫర్ కోల్ కతాలో 202 కొట్టాడు. కాబట్టి సెహ్వాగ్ ని తీసెయ్యడం తప్పని అప్పటికి ఎవరూ అనలేరు.

కథ తిరిగింది ఆస్ట్రేలియాలో. మొదట ప్రకటించిన ప్రాబబుల్స్ లో పేరే లేని సెహ్వాగ్ ని ఆఖరికి జట్టులోకి తీసుకున్నారు. కొత్త కెప్టెన్ కుంబ్లేకి అతను కావాలి. అయినా మెల్ బోర్న్, సిడ్నీ టెస్టుల్లో ఆడించకుండా ద్రావిడ్ ని ఓపెనర్ గా పంపారు. మెల్ బోర్న్ మొదటి ఇన్నింగ్స్ లో ద్రావిడ్ 66 బంతులాడి 5 పరుగులు చేశాడు. 337 పరుగుల తేడాతో ఓడాం. సిడ్నీ కూడా పోయింది. పెర్త్ లో సెహ్వాగ్ ని దించితే కొట్టింది 29, 43. పెద్ద స్కోర్లు కావు. కానీ మూడో నంబర్ కి తిరిగొచ్చిన ద్రావిడ్ 93 కొట్టాడు. వరసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియాని 72 పరుగులతో ఓడించాం. అడిలైడ్ రెండో ఇన్నింగ్స్ లో జట్టు 269కి డిక్లేర్ చేస్తే అందులో 151 సెహ్వాగ్ వే. టెస్టు డ్రా అయింది. రెండు నెలలకి చెన్నైలో దక్షిణాఫ్రికా మీద 319.

నా పాయింట్ ఇక్కడే ఉంది. ఒకడు 40, 40, 40 కొడతాడు, ఇంకొకడు 0, 0, 120. సగటు ఒకటే. మనవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, సర్వర్ సగటు రెస్పాన్స్ టైమ్ ఎంత బాగున్నా పీక్ లో పడిపోతే ఏం జరుగుతుందో అందరం చూసినవాళ్ళమే. మరి పడిపోయే సర్వర్ ని ఎప్పుడు భరిస్తాం? వెనకాల బ్యాకప్ ఉన్నప్పుడు. సెహ్వాగ్ వెనకాల ద్రావిడ్, సచిన్, గంగూలీ, లక్ష్మణ్ ఉండేవాళ్ళు. అతను మొదటి ఓవర్లో అవుటైనా కొత్త బంతిని కాచుకునే ద్రావిడ్ ఉన్నాడు. అతను ఆడిన రోజున మాత్రం మిగతావాళ్ళకి ఒక పూట మిగిలేది. 2008 డిసెంబర్లో చెన్నైలో ఇంగ్లాండ్ మీద 387 ఛేజ్ చేసినప్పుడు సెంచరీ సచిన్ ది. కానీ నాలుగో రోజు సాయంత్రం 68 బంతుల్లో 83 కొట్టి, గెలవొచ్చని నమ్మించింది సెహ్వాగ్.

గంగూలీ 2008లో వెళ్ళిపోయాడు. 2012 మార్చిలో ద్రావిడ్, ఆగస్టులో లక్ష్మణ్. బీమా అయిపోయింది. సున్నాలు అంతకుముందూ ఉన్నాయి, 2011లో ఎడ్జ్ బాస్టన్ లో రెండు ఇన్నింగ్స్ లోనూ మొదటి బంతికే అవుటయ్యాడు. కాకపోతే ఇప్పుడు వాటి ఖరీదు పెరిగింది. 2013లో నాన్న తాపీగా చెప్పింది, నాకు అర్థం కానిదీ ఇదే.

అంటే ఓపెనర్ స్థానాన్ని అతని అంకెలొక్కటే నిర్ణయించవు. అతని వైఫల్యాన్ని మొయ్యడానికి వెనకాల ఎవరున్నారన్నది అసలు ప్రశ్న.

ఇక్కడితో ఆపితే లెక్క బాగానే కుదురుతుంది గానీ, జాఫర్ సంగతి మిగిలిపోతుంది. అదే 2007లో జాఫర్ చిట్టగాంగ్ లో 0, 0. తర్వాతి టెస్టులో 138. కోల్ కతాలో 202 కొట్టి నెల తిరగ్గానే ఆస్ట్రేలియాలో 4, 15, 3, 0, 16, 11. నిలకడ లేకపోవడంలో అతను సెహ్వాగ్ కేమీ తీసిపోడు! వెనకాల ఉన్న నలుగురూ ఇద్దరికీ ఉన్నారు. అడిలైడ్ లో తీసేశారు, స్వదేశంలో మళ్ళీ ఇచ్చి, 2008 ఏప్రిల్ కాన్పూర్ తర్వాత ఇక పిలవలేదు. 31 టెస్టులు, 5 సెంచరీలు. 2008-09 రంజీలో 1260 పరుగులు చేసినా అంతే. గంభీర్ నిలదొక్కుకున్నాడు, నిజమే. కానీ సెహ్వాగ్ తడబాటుని "వాడి ఆటే అంత" అన్నాం, జాఫర్ తడబాటుని "సరుకు లేదు" అన్నాం. ఆర్భాటం లేనివాడికి మనం ఓపిక కూడా తక్కువే ఇస్తాం. ఆఫీసులో అప్రైజల్ రోజున ఇది ఇంకా బాగా తెలుస్తుంది లెండి :)

2018 మార్చిలో ఇరానీ కప్ లో విదర్భ తరఫున జాఫర్ 286 కొట్టాడు, నలభై ఏళ్ళ వయసులో. టీవీ ముందు కూర్చున్న నాన్న "చూశావా" అన్నాడు. ఉప్పల్ లో లాగా వాదిద్దామని నోరు తెరిచాను గానీ, ఈసారి నా దగ్గర జవాబు లేదు.

మీ దగ్గరుంటే చెప్పండి.