చందమామలో అచ్చుకాని పేర్లు

బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ పత్రిక 'న్యూ వరల్డ్స్' 1964లో మైకేల్ మూర్కాక్ చేతికొచ్చింది. ఇవాళ దాని గురించి ఎవరు రాసినా మూర్కాక్‌తోనో, బలార్డ్‌తోనో మొదలుపెడతారు.

మన చందమామ సంగతి వేరు. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి పెట్టారు. 1952 నుంచి 1980లో పోయేదాకా దాని భాషనీ కథల్నీ తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు. సంపాదకుడిగా అచ్చయిన పేరు మాత్రం ఆయనది కాదు.

సీరియల్స్ సంగతి మరీ అన్యాయం. తోకచుక్క, మకరదేవత, జ్వాలాద్వీపం... 1954 నుంచి పాతికేళ్లపాటు చిత్రా బొమ్మలతో వచ్చిన ఆ మాంత్రికుల లోకమంతా దాసరి సుబ్రహ్మణ్యం రాసింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండుల్లో చందమామ కొనుక్కున్న మా నాన్న తరానికి ఆ కథలు నోటికొచ్చు, రచయితెవరో తెల్వదు. నేను రాసే బోరుకొట్టే కోడుకే ప్రతి లైనుకీ ఎవరు రాశారో గిట్ చూపిస్తుంది!

పత్రిక 1998లో ఆగి, మరుసటేడు మళ్లీ లేచింది. 2007లో ముంబయి సాఫ్ట్‌వేర్ కంపెనీ జియోడెసిక్ కొన్నది. ఆ కంపెనీ అప్పుల్లో మునిగింది, 2013లో చందమామ ఆగిపోయింది. టీవీ చంపిందంటారు గానీ, నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. కుటుంబరావు, దాసరి లాంటివాళ్లు మళ్లీ దొరకలేదు. పేరే వేయని చోటికి కొత్త రచయిత ఎందుకొస్తాడు?

దాసరి 2010లో పోయారు. పాత సంచికలు దాచిన అభిమానుల వల్లే ఆ పేరు నాదాకా వచ్చింది. నాన్నకు చెప్తే, "అవన్నీ ఒక్కడే రాసిండా?" అన్నడు.