వకీలు గుమాస్తాగారి పంచాంగం

కర్నూలు, కడప కోర్టుల్లో ఉద్యోగం చేసిన నేను ప్రైవేటు డిటెక్టివును అపరాధ పరిశోధన నవలల్లోనే చూశాను. ముద్దాయి తరఫున ఆరా తీసేది వకీలు గుమాస్తాగారే. ఛార్జిషీటు నకళ్లు అందగానే ఊరికి బయల్దేరేవారు. సాక్షి కూర్చున్నానన్న అరుగు మీదినుంచి సంఘటన స్థలం కనిపిస్తుందా, దూరమెన్ని గజాలు అని చూసేవారు. ఆ రాత్రి వెన్నెల ఉందో లేదో పంచాంగం తిరగేసేవారు. క్రాస్ ఎగ్జామినేషన్‌కు సరుకు అదే.

ముఠాకక్షల ఊళ్లలో ఇది మరీ అవసరం. నేరస్తులతోపాటు గిట్టనివారి పేర్లూ ఫిర్యాదులోకి ఎక్కవచ్చు. వర్గసాక్ష్యాన్ని జాగ్రత్తగా తూచాలనీ, వర్గంవారన్నంత మాత్రాన తోసిపుచ్చరాదనీ మసాల్తీ కేసులో 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తూకానికి రాళ్లు తెచ్చింది గుమాస్తాలే.

మరి గుమాస్తాను పంపే స్తోమత లేనివారి గతేమిటి? 1987 నాటి న్యాయసేవల చట్టం పేదలకు వకీలునిచ్చింది. ఊరెళ్లి విచారించే మనిషిని ఇవ్వలేదు. డిటెక్టివు ఏజెన్సీల గురించి 2007లో పార్లమెంటులో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. అదే ఏడాది విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన హత్యకు 2010లో శిక్షపడిన పేద యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా విడిచింది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిచాయి.

విశ్రాంత సోదరులు పారా లీగల్ వాలంటీర్లుగా చేరవచ్చు. రికార్డు చదవడం తెలిసిన మనం వారానికొక పూట ఇద్దాం.