లారీ కింద వేలాడే వీధి పేరు

గోదావరి డెల్టాలోని రామచంద్రపురం మీదుగా ధాన్యం లారీలు, కొబ్బరికాయల లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదానికి టైరు పేలినా డ్రైవరు నోట ముందు వచ్చే మాట ఒకటే: "ఒరేయ్, స్టెప్నీ దించరా!" క్లీనరు జాకీ, రాడ్డు పట్టుకుని బండి కిందికి దూరతాడు. ఇద్దరికీ పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మాటే అది. నిజానికి డ్రైవరు కేకేసింది సముద్రాల అవతల ఉన్న ఒక బజారు వీధి పేరు.

బ్రిటన్‌కు పడమటి వైపు వేల్స్‌లో లనెల్లి అనే ఊరుంది. తగరం పూత పూసిన ఇనప రేకులు తయారుచేసి ప్రపంచానికి పంపిన ఊరు. అక్కడి భూస్వాముల కుటుంబం పేరు మీద ఆ ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్ వెలిసింది. రాజాగారి కోట చుట్టూ పెరిగిన రామచంద్రపురం వాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ వీధిలో ఇనప సామాను కొట్టు నడిపిన థామస్ మోరిస్ డేవిస్ 1904లో ఒక కొత్త వస్తువు తయారుచేశాడు. తమ్ముడు వాల్టర్‌తో కలిసి దాన్ని వ్యాపారంగా పెంచాడు.

అప్పటి కార్లకు మారు చక్రం ఉండేది కాదు. కర్ర ఆకులున్న చక్రం ఇరుసుకే బిగిసి ఉండేది. రోడ్ల నిండా గుర్రపు నాడాల మేకులు. మేకు దిగిందంటే వానలోనైనా, చీకట్లోనైనా రోడ్డు పక్కన కూర్చుని టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకేసి, చేతి పంపుతో గాలి కొట్టాల్సిందే. డేవిస్ పంక్చరు జోలికే పోలేదు. ఆకులు లేని ఒట్టి రిమ్ముకు టైరు తొడిగి, ముందే గాలి నింపి పెట్టాడు. పంక్చరైన చక్రాన్ని విప్పకుండానే దాని పక్కన ఈ రిమ్మును కొక్కేలతో బిగిస్తే సరి, బండి నడిచిపోతుంది. బాగుచేసే పనిని ఇల్లు చేరేదాకా వాయిదా వేయవచ్చునన్నదే ఆయన కనిపెట్టిన అసలు సంగతి. చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రాత్రి పూట కాలువ గట్టు మీద బండి ఆగిపోయినవాడిని అడిగితే దాని విలువ చెబుతాడు.

కొన్నేళ్లకు నట్లు విప్పి చక్రాన్నే మార్చుకునే ఏర్పాటు వచ్చింది. డేవిస్ గారి రిమ్ముతో పని తీరిపోయింది. బ్రిటన్‌లో పేరు కూడా వాడుకలోంచి జారిపోయింది. మన దేశంలో మాత్రం వస్తువు పోయినా పేరు దిగలేదు. పూర్తి చక్రం వచ్చి దాని చోట కూర్చుంది, పేరు అలాగే ఉండిపోయింది. బంగ్లాదేశ్‌లోనూ, మాల్టాలోనూ ఇదే మాట. బ్రెజిల్‌లో మారు చక్రాన్ని 'ఎస్తెపి' అంటారు, అదీ ఇదే. మనవాళ్లు అంతటితో ఆగలేదు. దూరం లైనుకు వెళ్లే బండిలో రెండో డ్రైవరు స్టెప్నీ, క్రికెట్ జట్టులో బెంచీ మీది కుర్రాడు స్టెప్నీ. "నన్ను స్టెప్నీగా పెట్టుకున్నార్రా" అని ఆ కుర్రాడే నవ్వుతూ అనగలిగాడంటే, ఆ మాట ఎప్పుడో తెలుగైపోయింది.

ఇప్పుడు ఆ వస్తువుకే ఎసరు వచ్చింది. 2020 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. ట్యూబులేని టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చరు పూడ్చే కిట్టు ఉన్న కార్లకు మారు చక్రం తప్పనిసరి కాదంది. కొత్త కారు డిక్కీలో ఆ గుంట ఖాళీగా ఉండొచ్చు. డిక్కీ కూడా వలస మాటే. గుర్రబ్బండి వెనక నౌకరు కూర్చునే ఆసనం పేరది. తర్వాత తొలినాటి కార్ల వెనక మడతపెట్టే సీటు పేరైంది. మన దగ్గర సామాను పెట్టెగా స్థిరపడి, చివరికి స్కూటర్‌కూ అంటుకుంది.

మాటలు అన్నీ పడమటి నుంచే దిగుమతి కాలేదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను మనవాళ్లు 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' అని పిలుచుకున్నారు. ఆయన చూసేవి ఎన్నో ఉంటాయి. ఫిట్‌నెస్ కోసం బండి తీసుకెళ్లినవాడి గుండె మాత్రం బ్రేకు దగ్గరే కొట్టుకుంటుంది. ఆ భయమే పేరైంది. బ్రిటన్ 1935లో డ్రైవింగ్ పరీక్షతో పాటు తెచ్చిన ఎర్ర 'ఎల్' అక్షరం మన కార్ల మీదికి వచ్చాక, ఏ పనిలోనైనా కొత్తగా చేరినవాడు 'ఎల్ బోర్డు' అయ్యాడు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆ పిలుపు పడని వాళ్లు తక్కువ.

ఇక బస్సు. వెనక తలుపు దగ్గర కండక్టరు, ముందు డ్రైవరు, మధ్యలో సంత రోజు జనం. ఇంజను మోతలో పూర్తి వాక్యం చేరదు. ఒకదాన్ని ఇంకొకటిగా పొరపడే వీల్లేని రెండు శబ్దాలు కావాలి. ఆగాలంటే "హోల్డాన్!", కదలాలంటే "రైట్ రైట్!" తాడు లాగి కొట్టే గంటకూ అదే లెక్క: ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లు కొడితే పో. ఆపమనడానికి ఒక దెబ్బ చాలడంలో మంచి తెలివి ఉంది, ప్రమాదం వచ్చినప్పుడు రెండోసారి కొట్టే వ్యవధి ఉండదు. ద్రాక్షారామం స్టాపు దాటిపోతోందని ఏ మామ్మగారో "ఓల్డాన్ బాబూ, ఓల్డాన్!" అని కేకేస్తే, అది ఏ దేశపు మాటో ఆవిడకు అనవసరం, బస్సు ఆగుతుంది.

లారీ వెనక 'హారన్ ఓకే ప్లీజ్' అని ఎందుకు రాశారంటే యుద్ధకాలపు కిరసనాయిలు కథ ఒకటి, టాటావారి ఓకే సబ్బు కథ ఒకటి చెబుతారు. నాకు వాటికన్నా రోడ్డే పెద్ద కారణంగా కనిపిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టా అంతా కాలువలు పరుచుకున్నాయి. వాటి గట్ల మీద సాగిన రోడ్లకు ఒక పక్క కాలువ, మరో పక్క చేను. మధ్యలో ఎత్తుగా లోడు కట్టిన లారీ. వెనక ఎవరున్నారో అద్దంలో కనిపించదు. "కొట్టు బాబూ, విని తప్పుకుంటాను" అని ఆ డ్రైవరు అడగడం మర్యాద. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో హారన్ మోత పెరుగుతోందని ఆ రాతను నిషేధించింది. నాలుగు వరుసల రహదారికి ఆ నిషేధం సబబే, కాలువ గట్టుకు మాత్రం ఆ రాతే సబబు.

రోడ్డు గుర్తుల పుట్టుకలోనే ఒక హాస్యం ఉంది. 1909 అక్టోబరులో పారిస్‌లో కొన్ని దేశాలు కలిసి మోటారు ప్రయాణాల మీద ఒప్పందం చేసుకుని, నాలుగే నాలుగు హెచ్చరిక గుర్తులు ఖాయం చేశాయి: గతుకు, మలుపు, కూడలి, రైలు గేటు. గతుకు అంటే అంత భయం అప్పుడు. 1953కి వచ్చేసరికి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక విశ్వవిద్యాలయం అధిపతి తన ఆవరణలో కార్ల దూకుడు తట్టుకోలేక కావాలనే గతుకులు కట్టించాడు. ఆయన ఆర్థర్ కాంప్టన్, 1927లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాడు, దానికి ముందు ఏడాది లాహోరుకు వచ్చి పనిచేసినవాడు. ప్రపంచం బోర్డు పెట్టి హెచ్చరించిన గతుకునే ఆయన మందుగా వాడాడు. మన స్పీడ్ బ్రేకరు పెద్దల్లో ఆయనా ఒకడు.

మందుకు మోతాదు ఉంటుంది. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడికి నడుం కదలకూడదు. ఊళ్లో ప్రమాదం జరిగిన మర్నాడు కోపంతో, దుఃఖంతో వేసిన గుట్టకు ఈ కొలతలు ఉండవు. దాని మీద ఆటోలో పురిటికి వెళ్లే తల్లి ప్రాణం విలవిల్లాడుతుంది. గుట్ట వేసినవాళ్ల బాధ నిజమే, అందుకే కొలత కూడా వాళ్లకు తెలియాలి.

అసలైన గతుక్కి కోనసీమ కనిపెట్టిన గుర్తు కొబ్బరి మట్ట. వానాకాలం రోడ్డు మీద గొయ్యి పడితే ఎవరో ఒకరు ఎండు మట్ట తెచ్చి అందులో నిలబెడతారు. నీళ్లు నిండి గొయ్యి కనబడకపోయినా మట్ట కనబడుతుంది. ఆగిపోయిన లారీ వెనక కొమ్మలు, రాళ్లు పేర్చడం కూడా ఈ జాతిదే. అక్షరం రానివాడు చదవగలడు, వేరే రాష్ట్రం డ్రైవరు చదవగలడు. పారిస్‌లో కూర్చున్న పెద్దలు కోరుకున్నదీ అదే.

ఈ మాటలూ గుర్తులూ ఎవరో ఒకరు రాసిపెట్టాలి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలు సేకరించి 1962లో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు, 1971లో చేనేత సంపుటం వచ్చింది. ఊరూరా తిరిగి నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు పేర్లు అడిగి రాసుకున్న పని అది. అదే ఓపికతో మెకానిక్ షెడ్డుకూ వెళ్లాలి. బండి కింది స్ప్రింగు పట్టీలను కమాన్ కట్ట అని ఎందుకన్నారు, ఇంజనుకు బోరు ఎలా చేయించేవారు, హ్యాండిల్ తిప్పి బస్సు స్టార్టు చేసేటప్పుడు బొటనవేలు ఎక్కడ పెట్టాలి అన్నవి చెప్పగల మేస్త్రీలు రామచంద్రపురం, మండపేట, అమలాపురం షెడ్లలో ఇంకా ఉంటారు. పొద్దుట పని మొదలవక ముందు వెళ్తే టీ తాగుతూ చెబుతారు.