తప్పు చేయనివ్వకుండా నేర్పడం: జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవారి శిక్షణపై ఆధారాల పరిశీలన

జెనీవాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వార్ క్లాపరేడ్ 1911లో ప్రచురించిన ఒక వ్యాసంలో చిన్న ప్రయోగం ఒకటి ఉంది. కోర్సకాఫ్ వ్యాధితో కొత్త సంగతులేవీ గుర్తుంచుకోలేని ఒక మహిళ చేతిని, వేళ్ల మధ్య దాచిన గుండుసూదితో ఆయన పొడిచారు. జ్ఞాపకశక్తి గురించి రాసే పుస్తకాల్లో ఈ సంఘటన పదే పదే కనిపిస్తుంది, అయితే ఒకే రూపంలో కాదు. మర్నాడు వైద్యుడు కరచాలనానికి చేయి చాచితే ఆమె నిరాకరించిందని చాలామంది రాస్తారు. క్లాపరేడ్ కథనంలో మర్నాటి ప్రస్తావన లేదు. కొద్ది నిమిషాలకే ఆమె ఆ నొప్పిని మరిచిపోయిందనీ, తాను మళ్లీ చేయి అందుకోబోతే ఎందుకో తెలియకుండానే వెనక్కి లాక్కుందనీ ఆయన రాశారు.

ఈ తేడాను చిన్నదిగా కొట్టిపారేయలేం. అనుభవం గుర్తులేకపోయినా దాని ప్రభావం మిగలవచ్చని రెండు కథనాలూ సూచిస్తాయి. ఆ ప్రభావం రాత్రి గడిచినా నిలుస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం మూల కథనంలో జవాబు దొరకదు. పైగా పరీక్షకు గురైంది ఒక్క వ్యక్తి.

ఆ ప్రశ్నకు గట్టి ఆధారం బ్రెండా మిల్నర్ 1962లో ప్రచురించిన పరిశీలనలో లభించింది. మూర్ఛ తగ్గించడానికి 1953లో చేసిన మెదడు శస్త్రచికిత్స తర్వాత హెన్రీ మొలైసన్ కొత్త జ్ఞాపకాలను నిలుపుకోలేకపోయారు. అద్దంలో ప్రతిబింబాన్ని మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిలు నడపమంటే, మూడు రోజుల్లో ఆయన తప్పులు క్రమంగా తగ్గాయి. ఆ పని ముందు చేసినట్టు మాత్రం ఆయనకు గుర్తులేదు. ఈ కేసులోనూ వివరాల మధ్య తేడాలున్నాయి. శస్త్రచికిత్స కణతభాగంలో 8 సెంటీమీటర్ల లోతు వరకు సాగిందని సర్జన్ అంచనా వేయగా, 1997లో ప్రచురితమైన ఎంఆర్ఐ పరిశీలనలో అది 5 సెంటీమీటర్ల పైచిలుకుగా తేలింది. మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో ఈ ఒక్క కేసును బట్టి నిర్ణయించేవారు ఈ తేడాను గమనించాలి. చేతికి పని అలవడిందన్న అంశం దీనివల్ల మారదు.

పెన్సిలు నడపడం వేరు, మనవరాలి పేరు నేర్చుకోవడం వేరు. ఇక్కడే 1994లో అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ ప్రచురించిన ప్రయోగానికి ప్రాధాన్యం ఉంది. తప్పులకు తావివ్వకుండా నేర్పవచ్చన్న ఆలోచనను అంతకుముందే 1963లో హెర్బర్ట్ టెరెస్ పావురాలపై పరీక్షించారు. విల్సన్ బృందం 16 మంది రోగులతో రెండు పద్ధతులను పోల్చింది. ఒక పద్ధతిలో ఇంగ్లీషు పదం మొదటి రెండక్షరాలు చెప్పి, పదమేమిటో ఊహించమని, తర్వాత సరైనది చెప్పారు. రెండో పద్ధతిలో ఊహకు అవకాశమే ఇవ్వకుండా పదాన్ని చెప్పి రాయించారు. రోగులకు రెండో పద్ధతే స్పష్టంగా మేలు చేసింది. పరిశోధకుల వివరణ ఇది: జరిగింది గుర్తుంటే తప్పును తప్పుగా గుర్తించి పక్కన పెట్టగలం. ఆ జ్ఞాపకం లేనప్పుడు, నోటినుంచి వచ్చిన తప్పే బలపడి తర్వాత మళ్లీ వస్తుంది.

పక్షవాతం వచ్చినవారినో, మెదడువాపు నుంచి కోలుకుంటున్నవారినో చూడటానికి వచ్చే బంధువులు మంచం పక్కన కూర్చుని “నేనెవరో చెప్పుకో చూద్దాం” అని అడగడం మన ఇళ్లలో మామూలే. రోగి తడబడి ఇంకో పేరు చెబుతారు, పక్కనున్నవారు నవ్వి సరిదిద్దుతారు. పై వివరణ సరైనదైతే, ప్రేమతో వేసిన ఆ ప్రశ్న తప్పు పేరును బలపరిచే ప్రమాదం ఉంది. “నేను మీ చిన్న మేనల్లుణ్ణి, రవిని” అని ముందే చెప్పడం అంతకన్నా మేలు కావచ్చు. ప్రయోగశాలలో పదాలతో వచ్చిన ఫలితాన్ని ఇంటి సంభాషణకు వర్తింపజేయడం ఊహే తప్ప రుజువు కాదు. అయినా ఖర్చులేని, రోగిని నొప్పించని మార్పు కనుక దాన్ని పాటించడమే సబబని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తప్పులకు తావివ్వని ఈ పద్ధతిపై తర్వాత వచ్చిన ఫలితాలు ఏకరీతిగా లేవు.

1. ఇవాన్స్ బృందం 2000లో ప్రచురించిన తొమ్మిది ప్రయోగాల్లో, మొదటి అక్షరం సాయంతో పేర్లు చెప్పడం వంటి పనుల్లో మేలు కనిపించింది. దారులు నేర్చుకోవడంలో, ఎలక్ట్రానిక్ డైరీ వాడకంలో కనిపించలేదు.

2. కెసెల్స్, డి హాన్ 2003లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి విశ్లేషించి, ఈ పద్ధతి ప్రభావం గణనీయమేనని తేల్చారు. సూచనలను ఒక్కొక్క అక్షరంగా తగ్గించుకుంటూ పోయే మరో పద్ధతికి ఆ స్థాయి మద్దతు దొరకలేదు.

3. మేలు ఎందుకు కలుగుతుందన్నది వివాదంలోనే ఉంది. తెలియకుండా నిలిచే జ్ఞాపకమే కారణమని బాడ్లీ, విల్సన్ భావించగా, మిగిలి ఉన్న కొద్దిపాటి సాధారణ జ్ఞాపకమే కారణమని హన్కిన్ బృందం 1998లో వాదించింది. 2006లో పేజ్ బృందం మళ్లీ మొదటి వాదనవైపే మొగ్గింది.

నేర్పడం కాక, గుర్తుంచుకునే భారాన్ని ఒక పరికరానికి అప్పగించడం మరో మార్గం. తలకు గాయమైన కుమారుడి కోసం కాలిఫోర్నియాలో ఇంజనీరైన లారీ ట్రెడ్‌గోల్డ్, నీల్ హెర్ష్‌తో కలిసి న్యూరోపేజ్‌ను రూపొందించారు. మందు వేళకు, బయలుదేరే వేళకు పేజర్ మోగి, చేయాల్సిన పని అక్షరాల్లో కనిపిస్తుంది. విల్సన్ బృందం 2001లో ప్రచురించిన 143 మంది అధ్యయనంలో రోగులను వర్గాలుగా విడదీసి, ప్రతి వర్గానికీ పేజర్‌ను ఏడు వారాల పాటు ఇచ్చారు. 16 వారాల అధ్యయనాన్ని పూర్తిచేసినవారిలో 80 శాతానికి పైగా రోజువారీ పనుల్లో మెరుగుపడ్డారు. 2008లో ఫిష్ బృందం అవే వివరాలను విడదీసి చూడగా, పేజర్ తీసేశాక తలకు దెబ్బ తగిలినవారిలో మేలు కొంత నిలిచింది, పక్షవాతం వచ్చినవారు మొదటి స్థితికి జారారు. ఫోన్ అలారంతో నాన్నగారు మందులు వేళకు వేసుకుంటున్నారు కదా అని అలారం ఆపేసే కుటుంబాలు ఈ రెండో ఫలితాన్ని గమనించాలి.

జ్ఞాపకశక్తి శిక్షణ మొత్తంగా ఫలిస్తుందా? పక్షవాతం తర్వాతి శిక్షణపై 2016 నాటి కాక్రేన్ సమీక్షలో 13 అధ్యయనాలు, 514 మంది ఉన్నారు. రోగులు స్వయంగా చెప్పిన ఇబ్బందులు స్వల్పకాలంలో తగ్గాయి. ఆ తగ్గుదల దీర్ఘకాలంలో నిలవలేదు, పరీక్షల్లో వచ్చిన మార్కుల్లోనూ మేలు కనిపించలేదు. తలకు గాయమైన 328 మందితో బ్రిటన్‌లో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో బృంద శిక్షణవల్ల ఆరు నెలలకు రోజువారీ మతిమరుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కానీ ఎవరికి వారు పెట్టుకున్న లక్ష్యాల సాధనలో కొంత తేడా వచ్చింది. వీటిని కలిపి చూస్తే, శిక్షణ జ్ఞాపకశక్తిని తిరిగి తెస్తుందనడానికి ఆధారం బలహీనం. ఎంచుకున్న ఒక్కో పనిని సాధ్యం చేయవచ్చనడానికి అంతకన్నా మెరుగైన ఆధారం ఉంది.

ఈ ఫలితాల్లో అధికభాగం పాశ్చాత్య దేశాలవి. తెలుగువారికి వర్తింపజేసేముందు హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది పక్షవాత రోగులపై జరిగి 2016లో వెలువడిన పరిశీలనను లెక్కలోకి తీసుకోవాలి. ఒకటికి మించి భాషలు తెలిసినవారిలో 40.5 శాతం మందికి, ఒకే భాష తెలిసినవారిలో 19.6 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా ఉంది. అది శిక్షణకు సంబంధించినది కాదు, కార్యకారణాన్ని నిరూపించేదీ కాదు. అయినా ఇక్కడ ఏ పద్ధతిని పరీక్షించినా, పోల్చే రెండు వర్గాల్లో భాషలు, చదువు సమానంగా లేకపోతే, శిక్షణవల్ల వచ్చిన మేలేదో, ముందునుంచీ ఉన్న తేడా ఏదో విడదీయడం కష్టం.