గాలి కలత - వెలుగు నడక

సాత్తూరు నుండి కోవిల్‌పట్టి వరకు పరచుకొనియున్న నల్లరేగడి బయలులో, చైత్ర వైశాఖముల మిట్టమధ్యాహ్నమున నిలిచి చూచినవారికి దూరపు తాటిచెట్లు నీటిలోని నీడలవలె కదలుచు కానవచ్చును. ఎదుట చెరువున్నట్లు తోచును. సమీపించిన నది మాయమగును. దీనినే మన పెద్దలు ఎండమావి యనిరి. రాత్రివేళ ఆ బయలులోనే తలయెత్తి చూచినచో నక్షత్రములు మినుకుమినుకుమనును. ఈ రెండింటికిని మూలకారణ మొక్కటియే: వెలుగు నడచు త్రోవలో గాలి ఒక్క తీరుగ నుండదు. మానవుడు ఈ గాలి కలతను మొదట నిందించి, పిదప దానినుండి తప్పించుకొనజూచి, తుదకు దానినే జ్ఞానసాధనముగ మార్చుకొనెను. ఆ చరిత్రలో తెలుగువారికిని, తెలుగు సీమకును గల పాలు స్మరింపదగినది.

వేడెక్కిన గాలి పలుచబడును. చల్లని గాలి చిక్కగ నుండును. చిక్కదనము మారినచోట వెలుగు వంగును. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారినప్పుడు గాలియొక్క వక్రీభవన గుణకము సుమారు పది లక్షలలో ఒక వంతు మాత్రమే మారును. ఇది లెక్కకు రానంత యల్పముగ తోచును గాని, నక్షత్రకాంతి అనేక మైళ్ల గాలిని దాటి రావలసియుండుటచే ఈ చిన్న వంపులన్నియు కూడి బింబమును వణకించును. గ్రహము బిందువువలె గాక చిన్న బిళ్లవలె నుండుటచే దాని భాగముల వణకులు ఒండొంటిని కప్పిపుచ్చును. కావుననే శుక్రుడును గురుడును నిలకడగ వెలుగుదురు.

ఇక గాలి యేల కలతపడును? ఊదువత్తి పొగ కొంత యెత్తు దారమువలె నిలువుగ లేచి, పిదప సుడులై చెదరిపోవును. వైప్పారున నీరు వచ్చు దినములలో వంతెన స్తంభముల వెనుక నిట్టి సుడులే కానవచ్చును. 1883లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు గాజుగొట్టములోని నీటిలో సన్నని రంగుధారను విడిచి పరీక్షించెను. నీటి వేగము తక్కువగ నున్నంతసేపు రంగు ఒక్క గీతగ సాగెను. వేగము ఒక మేర దాటగనే గీత చెదరి నీరంతయు కలిసిపోయెను. 1941లో రష్యా గణితవేత్త కొల్మొగొరోవ్, పెద్ద సుడి తన శక్తిని చిన్న సుడులకును, అవి యింకను చిన్నవానికిని ఇచ్చుచుండగా తుదకు ఆ శక్తి జిగటవలన వేడిగ మారు క్రమమునకు గణితరూపము కల్పించెను.

వెలుగు విషయమున ఈ కలతను తొలుత స్పష్టముగ గుర్తించినవారిలో న్యూటను ముఖ్యుడు. 1704లో ప్రకటించిన తన కాంతిశాస్త్ర గ్రంథమున, దూరదర్శిని యెంత మేలైనదైనను గాలి వణకు దానిని విడువదనియు, ఉన్నత పర్వతశిఖరములపై నుండు ప్రశాంతమైన గాలియే దీనికి తగిన ఉపాయమనియు ఆయన సూచించెను.

తెలుగు సీమలో ఈ చిక్కు నెదుర్కొన్న తొలివారు విశాఖపట్టణమునకు చెందిన గోడే వెంకట జగ్గారావుగారు. ఆయన మదరాసు వేధశాలలో టేలరు వద్ద ఖగోళశాస్త్రము నభ్యసించి, 1840లో విశాఖలోని డాబాగార్డెన్సునందు సొంత వ్యయముతో వేధశాలను నెలకొల్పెను. ఆయన యల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు ఆ పని కొనసాగించి, 1868 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును, 1874 డిసెంబరు 9వ తేదీ నాటి శుక్ర సంక్రమణమును పరిశీలించిరి. అదే 1868 గ్రహణమును చూచుటకు మదరాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారిగారు వనపర్తికి వెళ్లిరి. శుక్ర సంక్రమణమును గూర్చి ఆయన సామాన్యులకు బోధపడునట్లు దేశభాషలలో పుస్తకము వెలువరించిరి.

ఆ సంక్రమణములో సూర్యునకును భూమికిని గల దూరమును నిర్ణయించుటకు, శుక్రబింబము సూర్యబింబపు అంచును విడుచు క్షణము తెలియవలెను. కాని ఆ క్షణమున రెండంచుల నడుమ నల్లని బొట్టువంటి బంధము సాగినట్లు కానవచ్చి, పరిశీలకుల గడియారములు ఒండొంటితో పొసగకుండెను. దూరదర్శినుల పరిమితియు, సూర్యుని అంచు మసకబారియుండుటయు దీనికి కొంత కారణము. గాలి వణకు ఆ మసకను మరింత పెంచెను.

న్యూటను చెప్పిన ఉపాయము మన సమీపముననే ఫలించినది. సాత్తూరునకు ఉత్తర వాయవ్యదిశలో పళని కొండలపై సుమారు 2,340 మీటర్ల యెత్తున 1899లో కోడైక్కానల్ వేధశాల పనిచేయ నారంభించెను. 1909 జనవరిలో అచ్చట జాన్ ఎవర్‌షెడ్ సూర్యబింబపు మచ్చలనుండి వాయువులు వెలుపలికి ప్రవహించుచున్నట్లు వర్ణపటములో కనుగొనెను. ఆనాడు గాలి నిలకడగ నుండుట ఆయనకు తోడ్పడెను. భూమిమీది ప్రవాహము శాంతించినప్పుడే సూర్యునిమీది ప్రవాహము కంటబడినదన్నమాట. ఎండ ముదిరి నేల వేడెక్కకముందే, ఉదయపు గడియలలో సూర్యుని చూచుట మేలన్నది అట్టి వేధశాలల యనుభవము.

కొండ యెక్కినను కలత పూర్తిగ తొలగదు. సాధారణమైన గాలిలో ఎంత పెద్ద దూరదర్శిని యైనను పది ఇరువది సెంటీమీటర్ల దానికంటె సూక్ష్మముగ చూపజాలదు. 1953లో అమెరికాకు చెందిన హోరేస్ బాబ్‌కాక్, గాలి వణకును కొలిచి దానికి ప్రతిగ అద్దమునే వంచవచ్చునని ప్రతిపాదించెను. నేటి మహాదూరదర్శినులలో అట్టి అద్దములు సెకనునకు వందలమార్లు తమ రూపమును సవరించుకొనుచున్నవి.

ఈ కథలో చివరి మలుపు తిరిగి తెలుగు నేలమీదనే సంభవించినది. తిరుపతికి సమీపమునగల గాదంకిలో 1992లో ప్రారంభమైన కేంద్రమున 53 మెగాహెర్ట్‌జు రాడారు కలదు. ఆకాశములోని సుమారు మూడు మీటర్ల సుడులనుండి వెనుకకు మరలివచ్చు రేడియో తరంగములను గ్రహించి, అది గాలి వేగమును, కలతను కొలుచును. గాలి నిశ్చలముగ నున్నచో ఆ రాడారునకు తెలియునది అత్యల్పము. జగ్గారావుగారి కాలమున విఘ్నమైనదే గాదంకిలో సాక్ష్యమైనది.

కోవిల్‌పట్టికి దక్షిణమున, కట్టబొమ్మనను 1799లో ఉరితీసిన కయత్తారులో, నేడు గాలిమరలను పరీక్షించు కేంద్రము కలదు. ఒక మర వెనుక లేచిన సుడులు రెండవ మర రెక్కలను అలయించును. కావున వానిని ఎడమెడముగ నిలుపవలెను. ఈ శాస్త్రము మన పొలముల గట్టు వరకు వచ్చియున్నది.

డాబాగార్డెన్సులోని వేధశాల నేడు లేదు. దానిని కట్టినవారి పేరైనను మన పిల్లలు ఎరుగవలెను. 2006లో తమిళనాట తమిళాధ్యయనమును నిర్బంధము చేయు చట్టము వచ్చినది మొదలు, అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో మాతృభాషకు చోటెంత యన్న ప్రశ్న నిలిచియున్నది. తెలుగు పద్యములకును కథలకును చాలును గాని శాస్త్రమునకు చాలదనువారు కలరు. సుడి, కలత, జిగట, వణకు, ఎండమావి - ఈ మాటలన్నియు సాత్తూరు తెలుగింట పుట్టిన బిడ్డ బడికి పోకముందే వినునవి. ఆ మాటలతోనే ఈ శాస్త్రమును చెప్పవచ్చును. చెప్పు పూనిక మనకు కలుగుటయే కావలసినది.