గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్: వెళ్లాలా, వద్దా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ అంటే ఏ బాధా లేని స్త్రీకి కొన్నేళ్లకొకసారి చేసే పరీక్ష. క్యాన్సర్ రావడానికి చాలా ఏళ్ల ముందే ముఖద్వారం పైపొర కణాల్లో మార్పు మొదలవుతుంది; ఈ పరీక్ష ముఖ్యంగా వెతికేది దాన్నే. అందుకే ‘నాకేమీ లేదు కదా, ఎందుకు వెళ్లాలి’ అనే మాట ఇక్కడ చెల్లదు. ఏమీ తెలియని దశలోనే దీనివల్ల ఎక్కువ మేలు. భారతదేశంలో 2022లో ఈ క్యాన్సర్ సుమారు 1,27,000 మందికి కొత్తగా వచ్చిందని, దాదాపు 80,000 మంది చనిపోయారని అంచనా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. మిగిలినవారంతా ఆలోచించి వద్దనుకున్నవారని చెప్పలేం. చాలామందిని అసలు ఎవరూ అడిగి ఉండరు.

ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంబంధాన్ని బయటపెట్టిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ సోకినవారిలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలోనే ముప్పు. ఆ ముప్పు ఎంతో న్యూజిలాండ్‌లో జరిగిన ఒక తప్పు వల్ల తెలిసింది. ఆక్లండ్‌లోని నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో 1960ల నుంచి కొందరు స్త్రీలకు తీవ్రమైన కణాల మార్పు కనిపించినా సరైన చికిత్స చేయకుండా గమనిస్తూ వదిలేశారు. తర్వాత దానిపై న్యాయ విచారణ జరిగింది. ఆ రికార్డులను విశ్లేషించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, అలా వదిలేసినవారిలో 30 ఏళ్లలో నూటికి 31 మందికి క్యాన్సర్ వచ్చినట్టు తేలింది. సరైన చికిత్స అందినవారిలో నూటికి ఒక్కరికి కూడా రాలేదు. దీన్ని రెండో వైపు నుంచీ చదవాలి. చికిత్స లేకపోయినా ఆ ముప్పై ఏళ్లలో నూటికి 69 మందికి క్యాన్సర్ రాలేదు. వారెవరో ముందుగా చెప్పే మార్గం లేదు కనుక, స్క్రీనింగ్‌లో కొందరికి అవసరం లేని చికిత్స తప్పదు. ఈ విషయం చెప్పకుండా పరీక్షకు రమ్మనడం సరికాదు.

మరి లాభం ఎంత? మనకు దగ్గరి ఆధారం మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాది. అక్కడ 30–59 ఏళ్ల 1,31,746 మంది గ్రామీణ స్త్రీలను నాలుగు వర్గాలుగా చేసి, మూడు వర్గాలకు ఒక్కొక్క రకం పరీక్ష ఒకే ఒక్కసారి చేశారు. 2009లో ఫలితాలు వచ్చాయి. హెచ్‌పీవీ పరీక్ష వర్గంలోని 34,126 మందిలో ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్‌తో 34 మంది, పరీక్ష చేయని 31,488 మందిలో 64 మంది చనిపోయారు. సగానికి సగం తగ్గిందంటే చాలా గొప్పగా వినిపిస్తుంది; లెక్క విప్పి చూస్తే వెయ్యిమందిలో రెండు మరణాలు ఒకటయ్యాయి. ఆ ఒక్క ప్రాణం కోసం, పరీక్ష చేయించుకున్న వెయ్యిమందిలో సుమారు వందమంది పాజిటివ్ అని విని, కంగారుపడి, తదుపరి పరీక్షకు వెళ్లాల్సి వచ్చింది. అయినా ఈ బేరం మంచిదే అనాలి. ఎందుకంటే అది జీవితంలో ఒక్కసారి, కొద్ది నిమిషాల పరీక్షతో వచ్చిన లాభం. పరీక్ష చేయని వర్గాన్ని అలా వదిలేయడం న్యాయమేనా అన్న విమర్శ ఈ అధ్యయనాన్ని వెంటాడింది; ఆ విమర్శలో బలం ఉంది.

ఏ పరీక్ష అన్నది కూడా ముఖ్యమే. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్లబడిందేమో కంటితో చూసే వీఐఏ పరీక్ష ఉస్మానాబాద్‌లో ఒక్కసారి చేసినప్పుడు మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అదే పరీక్షను ముంబై మురికివాడల్లో, పదో తరగతి చదివి కొద్ది వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చొప్పున నాలుగుసార్లు చేస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. 2016 కేంద్ర మార్గదర్శకాలు 30–65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకొకసారి సూచించింది వీఐఏనే. కాబట్టి దాన్ని ఒకసారి చేయించుకుని మరిచిపోతే లాభం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో హెచ్‌పీవీ పరీక్షకే మొగ్గు చూపింది: 30 ఏళ్లు దాటాక అయిదు నుంచి పదేళ్లకొకసారి. ఆ నమూనాను స్త్రీ తానే తీసి ఇవ్వవచ్చు కనుక, సిగ్గువల్ల వెనకాడేవారికి ఆ అడ్డంకి కూడా చాలావరకు తొలగుతుంది.

హెచ్‌పీవీ లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది కనుక, ‘నేను నా భర్తతో తప్ప ఎవరితోనూ లేను’ అన్నది మరో అభ్యంతరం. భార్యాభర్తల్లో ఒకరికి ఎప్పుడో సోకిన వైరస్ ఏళ్లతరబడి బయటపడకుండా ఉండగలదు. పాజిటివ్ రావడం ఎవరి నడతకూ తీర్పు కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంకో భయమూ ఉంది: పరీక్షకు వెళ్తే గర్భసంచి తీసేస్తారని. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట అవుతోందన్నా ‘ముందుముందు క్యాన్సర్ కావచ్చు’ అని ఆపరేషన్ వైపు నడిపించడం ఇక్కడ వినని మాట కాదు. నా వాదన ఏమిటంటే, అలాంటి చోటే స్క్రీనింగ్ ఎక్కువ అవసరం. హెచ్‌పీవీ నెగెటివ్ కాగితం చేతిలో ఉన్న స్త్రీని ఆ మాటతో భయపెట్టడం కష్టం. కణాల మార్పు కనిపించినా, చాలామందికి ఆ కొద్ది భాగాన్ని కాల్చడమో, వేడి తీగతో కోసి తీయడమో సరిపోతుంది. గర్భసంచి జోలికి పోనక్కర్లేదు. కోసి తీస్తే తర్వాతి కాన్పు నెలలు నిండకముందే అయ్యే అవకాశం కొంత పెరుగుతుంది కనుక, ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

క్యాన్సర్ కాని కారణంతో, మునుపు తీవ్రమైన కణాల మార్పు ఏమీ లేకుండా, ముఖద్వారంతో సహా గర్భసంచి తీసేసినవారికి ఈ పరీక్ష అక్కర్లేదు. వరసగా నెగెటివ్ వచ్చి 65 దాటినవారు ఆపేయవచ్చు. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవారు మానకూడదు. అది అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు. హెచ్‌ఐవీ ఉన్నవారు 25 ఏళ్లకే మొదలుపెట్టి, మూడు నుంచి అయిదేళ్లకొకసారి చేయించుకోవాలి. ఇక నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, నిరుడే పరీక్ష నెగెటివ్ వచ్చిందని ఊరుకోవద్దు, స్క్రీనింగ్ శిబిరం కోసం ఆగవద్దు. వెంటనే డాక్టరుకు చూపించుకోండి.